వడ్రంగి తాత చెయ్యి

రెండేళ్ళ కిందట ఆ తెల్ల ప్యాంటు కుట్టినప్పుడు, ఎదిగే పిల్లాడు కదా అని కాళ్ళ దగ్గర లోపలికి నాలుగు వేళ్ళ మడత వదిలిపెట్టింది ఆమె. వాడు పొడుగైనప్పుడల్లా ఓ వేలంత విప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆఖరి వేలు కూడా విప్పుతోంది, బ్లేడు ముక్కతో ఒక్కో దారం తెంపుతూ. ఆదివారం ఫాదర్ల బడి గుళ్ళో వీడ్కోలు పూజ. ఆ తర్వాత పరీక్షలు. అవి అయిపోతే ఆ బడితోనే పనిలేదు. ఈ ఆదివారం గట్టెక్కితే చాలు అనుకుంది. ఆమెకు ప్రతిదీ గట్టెక్కవలసిందే. లారీ తోలే మొగుడు ఊరు దాటితే ఒక గండం, తిరిగి ఊళ్ళోకి వస్తుంటే ఒక గండం. కొడుక్కి తుమ్ము వస్తే జ్వరమని, రాకపోతే లోపలే పట్టేసిందని బెంగ.

ఆమె పనిచేసే టైలరు కొట్టు గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే బడి వాచ్‌మన్.

"పెద్ద ఫాదర్ మిమ్మల్ని పిలుచుకు రమ్మన్నారమ్మా. ఇప్పుడే."

ఆమె చివాలున లేచింది. "బతికే ఉన్నాడా?"

"ఎవరు?"

"మా వాడయ్యా!"

"అదేం మాటమ్మా! మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. ఏదో మాట్లాడాలట, నాకేం తెలుసు."

కొట్టు మేస్త్రీ కత్తెర ఆపి కళ్ళజోడు మీంచి చూశాడు. "వెళ్ళిరా తల్లీ. ఆ బ్లేడు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు. దాన్ని పట్టుకుని బడిలో అడుగుపెడితే నిన్నే పట్టుకుంటారు."

చూసుకుంటే నిజంగానే బ్లేడు చేతిలోనే ఉంది. మిషను బల్ల మీద పెట్టి, కొంగుకి అంటుకున్న దారప్పోగులు దులుపుకోవడం కూడా మరిచి వాచ్‌మన్ వెనకాల నడిచింది.

బడిలో ఆఖరి ఏడాది పిల్లలకు మూడు రోజుల మౌనధ్యానం నడుస్తోంది. ఎన్నేళ్ళుగానో ఉన్న పద్ధతి అది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళరు, బడిలోనే పడుకుంటారు, జపాలు చేసుకుంటారు. ధ్యానం నడిపించే బ్రదర్ కొట్టే గంటతో మొదలైతే, ఆయనే మళ్ళీ గంట కొట్టేదాకా ఒక్కరు నోరు విప్పకూడదు. సైగ చేసినా మాట్లాడినట్టే లెక్క. ఆ గంట ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుందని పిల్లలు ఆయనకు గంట బ్రదర్ అని పేరు పెట్టారు. చాలామంది పిల్లలు స్నానాల గదుల్లో గుసగుసలాడుకుంటారని, అరచేతుల్లో రాసి చూపించుకుంటారని అందరికీ తెలుసు. ఆమె కొడుకు అలాంటివాడు కాడు. మామూలుగానే నాలుగు మాటలడిగితే ఒకదానికి జవాబు చెప్పే రకం. ఇక మాట ఇచ్చాడంటే, ఒంటి మీద తేలు పాకినా కిక్కురుమనడు.

వరండా అంతా మైనం వాసన, తడిగుడ్డతో తుడిచిన నేల వాసన. పెద్ద ఫాదర్ గది తలుపు తీసే ఉంది. లోపల కొడుకు నిలబడి ఉన్నాడు, పొడుగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని. ఒంటి మీద దెబ్బ ఏదీ కనిపించలేదు. ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే బల్ల మీద ఉన్నది చూసి మళ్ళీ పోయింది.

పాత న్యూస్‌పేపరు మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకా విరిగిన సున్నపు చెయ్యి, చివర తెల్లటి పొడి. గుళ్ళో పీఠం పక్క గూట్లో నిలబడే పునీతుడి విగ్రహానిది. ఆ పునీతుడు వడ్రంగి కాబట్టి పిల్లలు ఆయన్ని వడ్రంగి తాత అంటారు. పరీక్షల ముందు ఆ చెయ్యి ముట్టుకుని వెళ్తే లెక్కలు తప్పిపోవని వాళ్ళకో నమ్మకం. ముట్టుకుని ముట్టుకుని ఆ వేళ్ళ మీద రంగంతా పోయింది.

"గూటి దగ్గర పట్టుకున్నాను," అన్నాడు గంట బ్రదర్. ఆయన గొంతు చిన్నది, మనిషి పెద్దవాడు. "ఈ చెయ్యి ఇతని చేతిలో ఉంది. చుట్టుపక్కల పురుగు కూడా లేదు. నువ్వేనా విరగ్గొట్టింది అని మళ్ళీ మళ్ళీ అడిగాను. తల వంచుకున్నాడు. కాదని ఒక్క మాట అన్నాడా? అనలేదు. చెయ్యనివాడు ఊరుకుంటాడా అమ్మా?"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడూ ఆమెనే చూస్తున్నాడు. రెప్ప వెయ్యకుండా, సూటిగా. చిన్నప్పుడు బావి గట్టు మీద ఎక్కించి కూర్చోబెట్టినప్పుడు ఇలాగే చూసేవాడు, నువ్వు పట్టుకున్నావు కదా అన్నట్టు. ఆ చూపు ఆమెకు అర్థం కాలేదు. కాపాడమంటున్నాడనుకుంది. ఇక ఆలోచించడానికి ఆమెకు వ్యవధి లేకపోయింది. బడి నుంచి పంపించేస్తే, పరీక్షకు కూర్చోనివ్వకపోతే, వాడు ఎటో వెళ్ళిపోతే... ఒకదాని వెనక ఒకటి అన్నీ కళ్ళముందు కట్టేశాయి. చెయ్యి దానంతటదే లేచి గుండె మీద పడింది. పూజలో పాపాలు ఒప్పుకునేటప్పుడు కొట్టుకున్నట్టే ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"తప్పయిపోయింది ఫాదర్. చిన్నపిల్లాడు, తెలియక చేశాడు. ఈ ఒక్కసారికి క్షమించండి. వాడి తరఫున నేను కాళ్ళు పట్టుకుంటాను. చదువు మాత్రం పాడుచెయ్యకండి."

పెద్ద ఫాదర్ కళ్ళజోడు తీశాడు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. "అమ్మా, నేను ఇంకా ఏమీ అడగలేదు. నీకు విషయం చెబుదామనే పిలిచాను. రేపు మౌనం ముగిశాక అతన్నే అడుగుదామనుకున్నాను."

"అడగడానికేముంది ఫాదర్, తప్పు తప్పే. క్షమించానని ఒక్క మాట అనండి చాలు."

ఫాదర్ కళ్ళజోడు అద్దాలు అంగీ అంచుతో తుడుచుకున్నాడు. "సరే. తల్లివి నువ్వే ఒప్పుకున్నాక నేను తవ్వేదేముంది. పరీక్షకు పంపిస్తాను. కానీ వీడ్కోలు పూజలో అందరి ముందూ లేచి క్షమాపణ చెప్పాలి. చెప్పకపోతే మాత్రం ఈ బడి తరఫున పరీక్షకు వెళ్ళడు. అంతే."

"చెప్తాడు ఫాదర్. ఎందుకు చెప్పడు? నేను చెప్పిస్తాను."

బయటికి వస్తూ కొడుకు వైపు చూసి, గండం గడిచిందిరా అన్నట్టు తలాడించింది. వాడు చూపు తిప్పుకున్నాడు. బల్ల మీది చెయ్యిని చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు సాయంత్రం గంట కొట్టారు. ఆ శబ్దం వీధి చివరిదాకా వినిపించింది. ఆమె ఇస్త్రీ పెట్టె కింద పెట్టి గుమ్మంలోకి పరిగెత్తింది. వాడు చీకటి పడుతుండగా వచ్చాడు. బూట్లు విప్పి గోడవారగా జతచేసి పెట్టాడు. గొంతు పోయిందేమోనని ఆమె వేణ్ణీళ్ళు అందించింది. వాడు గ్లాసు పుచ్చుకోలేదు.

"మాట్లాడకూడదని నేను మాట్లాడలేదు," అన్నాడు. మూడు రోజులు వాడకపోవడంతో గొంతు బొంగురుపోయింది. "నువ్వెందుకు మాట్లాడావు?"

అంతే. ఆ తర్వాత వాడు ఆమెతో మళ్ళీ పెదవి కదపలేదు. నాయనమ్మతో మాట్లాడాడు. దండెం మీది తువ్వాలుతో కూడా మాట్లాడేలా ఉన్నాడు కానీ తల్లితో మాత్రం లేదు. అన్నం ముందు కూర్చుంటే, "నాయనమ్మా, ఇంక చాలు," అంటాడు, వడ్డిస్తున్నది తల్లి అయినా.

జరిగింది ముసలావిడే రాబట్టింది. పిల్లాడు బూట్లకు పాలిషు పెడుతుంటే పక్కన చతికిలబడి కూర్చుంది. తల్లి వంటింటి తలుపు చాటున నిలబడి వింది.

"ఒరే, ఆ తాత చెయ్యి నువ్వు విరగ్గొట్టావా?"

"లేదు."

"మరి నీ చేతిలోకి ఎలా వచ్చిందిరా, దణ్ణం పెడితే షేక్‌హ్యాండ్ ఇచ్చాడా?"

వాడికి నవ్వు రాబోయి ఆగింది. "దబ్బుమని చప్పుడయింది. వెళ్ళి చూస్తే కింద పడుంది. ఎవరో పరిగెత్తారు, వీపు కూడా కనిపించలేదు. ఎవరైనా తొక్కుతారని తీశాను. అప్పుడే బ్రదర్ వచ్చాడు."

"మరి కాదని చెప్పలేకపోయావా?"

"గంట కొట్టలేదుగా." బ్రష్షు ఆపాడు. "మర్నాడు సాయంత్రం చెప్తే సరిపోయేది. పెద్ద ఫాదర్ ఆగుదామన్నాడు, నేనక్కడే ఉన్నాను. అమ్మ వచ్చిందంటే నమ్మకంగా ఉన్నాను. మా వాడు అలాంటివాడు కాదు, రేపు వాణ్ణే అడగండి అంటుందనుకున్నాను."

తలుపు చాటున ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది. పొయ్యి మీద అడుగంటుతున్న వాసన వచ్చినా లేవలేకపోయింది.

ఆ రాత్రి నుంచి ఆమెకు కొత్త భయం పట్టుకుంది. ఆదివారం అందరి ముందూ నిలబెడితే వాడు ఏం చేసుకుంటాడో. చెప్పకపోతే చదువు పోతుంది, చెప్తే వాడే పోతాడు. ఎటు చూసినా గొయ్యే. పొద్దున్న లేచేసరికి అత్తగారు వంటింట్లో గిన్నెలన్నీ బోర్లిస్తోంది.

"ఏమేవ్, కత్తి ఏదీ?"

"దాచాను."

"దండెం తాడు?"

"అదీ దాచాను. కిరసనాయిలు డబ్బా పక్కింట్లో ఇచ్చాను."

ముసలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని కోడల్ని ఎగాదిగా చూసింది. "వాడు చావాలనుకున్నాడో లేదో గానీ, కత్తి లేక, కూర లేక ఈ పూట నేను పోయేలా ఉన్నాను. తియ్యవే. నువ్వింత భయపడుతుంటే వాడికి బతకాలని ఎలా ఉంటుంది?"

ఆమె బియ్యం డబ్బాలోంచి కత్తి తీసి అందించబోయింది. ముసలావిడ కత్తి పుచ్చుకోకుండా ఆ చేతినే పట్టుకుని కాసేపు నిలబడింది.

కొట్టులో ఆ రోజు ఆమె ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టింది. మేస్త్రీ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఈ కస్టమరు ఎవరో గానీ ఎప్పుడూ ఒక పక్కకే దణ్ణం పెట్టాలి," అన్నాడు. ఆమె నవ్వలేదు. చొక్కా వెనక్కి తీసుకుని, చంక దగ్గర నుంచి కుట్టు విప్పడం మొదలుపెట్టింది.

శనివారం సాయంత్రం గుళ్ళో పాపసంకీర్తనానికి, ఫాదర్ చెవిలో పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్ళింది. ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. చిన్నప్పటి నుంచి ఏది మరిచిపోయి నరకానికి పోతానో అని, చేసిన పాపాలతోపాటు చేసి ఉండొచ్చేమో అనిపించినవి కూడా కలిపి చెప్పేసేది. ఎక్కువ చెబితే నష్టం లేదు, తక్కువైతేనే ముప్పు. ఒప్పుకుంటే క్షమిస్తారు, క్షమిస్తే భయం పోతుంది. ఆ రోజు ఫాదర్ గదిలో ఆమె చెయ్యి గుండె మీదికి లేచింది ఆ అలవాటుతోనే. కాకపోతే అప్పుడు ఒప్పుకున్నది తన పాపం కాదు.

చెక్క గూడు ముందు మోకరించింది. తెర వెనక పెద్ద ఫాదర్ పక్కకు తిరిగి కూర్చున్నాడు, చెవి మాత్రం ఇటు.

"నేను పాపిని, దీవించండి ఫాదర్. అబద్ధం చెప్పాను. నా కొడుకు తప్పు చేశాడని ఒప్పుకున్నాను. వాడు చెయ్యలేదు. వాణ్ణి అడగనైనా అడగలేదు. భయం వేసి ఒప్పుకున్నాను."

తెర వెనక కుర్చీ కిర్రుమంది.

"ఇంకా?"

"ఇంకేం లేవు ఫాదర్. మొదటిసారి ఇంకేం లేవు. అంతే కదా, ఇక రేపు వాణ్ణి పిలవరు కదా?"

"అమ్మా." ఫాదర్ గొంతు ఇంకా కిందికి దిగింది. "ఇక్కడ విన్నది ఈ తెర దాటి బయటికి రాదు. ఆ సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసు ఫాదర్. ఎవరికీ చెప్పకండి."

"చెప్పకపోవడమే కాదు. ఇక్కడ విన్నదాన్ని బట్టి బయట నేను ఒక్క పనీ చెయ్యకూడదు. ఈ గూట్లోంచి లేచానంటే ఇదంతా నేను విననట్టే. రేపటి ఏర్పాటు ఎలా ఉందో అలాగే జరగాలి. నాకు వేరే దారి లేదు."

ఆమెకు మొదట బోధపడలేదు. బోధపడ్డాక తెర అంచు పట్టుకుంది. "అదేంటి ఫాదర్! మీకు నిజం తెలిసీ వాడితో చెప్పిస్తారా?"

"నువ్వు నన్నే మాట్లాడకుండా చేశావమ్మా," అన్నాడు ఆయన. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. "ఇదే మాట ఆఫీసు గదిలోకి వచ్చి చెప్పి ఉంటే... బయట చెప్పు. బ్రదర్‌కి చెప్పు, నాకే చెప్పు, కానీ బయట. నీకు వేసే ప్రాయశ్చిత్తం అదే అనుకో."

"బయట చెప్తే, క్షమాపణ చెప్పడం ఇష్టంలేక మాట మార్చానంటారు. పరీక్షకు పంపరు. వాడి బతుకు..."

"బయట ఏమవుతుందో ఇక్కడి నుంచి నేను చెప్పలేను."

ఆయన చెయ్యెత్తి పాపవిమోచనం పలికాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాటలు చెవిన పడుతున్నా ఆమె భయం ఇసుమంత తగ్గలేదు. లేచి వస్తూ విగ్రహం గూటి దగ్గర ఆగింది. వడ్రంగి తాతకు చెయ్యి అతికించారు. మణికట్టు చుట్టూ గీత కనిపిస్తోంది. రంగు పోయిన వేళ్ళు కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నాయి. వరండాలో గంట బ్రదర్ ఎదురొచ్చాడు. చెప్పేద్దామని ఆగింది. "ఏమ్మా, రేపు పిల్లాడు రెడీయేనా?" అని ఆయనే అడిగాడు. "రెడీ బ్రదర్," అంది ఆమె. అని ఇంటిదాకా తనను తాను తిట్టుకుంటూ నడిచింది.

ఆదివారం గుడి కిక్కిరిసి ఉంది. ముందు బెంచీల్లో ఆఖరి ఏడాది పిల్లలు తెల్ల బట్టల్లో, వెనక తల్లిదండ్రులు. అత్తాకోడళ్ళు మధ్య వరసలో కూర్చున్నారు. కొడుకు బెంచీ చివర ఉన్నాడు. ప్యాంటు కాలి దగ్గర పాత మడత గీతలు ఒకదాని కింద ఒకటి ఆమెకు ఇంత దూరానికి కనిపిస్తున్నాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదవి. పూజ మొదట్లో పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడు గుడి అంతా గుండెల మీద కొట్టుకుంది. వాడి చేతులు మాత్రం పక్కకే వేలాడుతూ ఉన్నాయి.

పూజ ముగిశాక పెద్ద ఫాదర్ మైకు దగ్గరికి వచ్చాడు. పక్కన పెట్టెలో కొవ్వొత్తులు. ప్రతి పిల్లాడూ ఒకటి వెలిగించుకుని వెళ్ళి తల్లి చేతిలో పెట్టడంతో వీడ్కోలు పూర్తవుతుంది. అది కూడా ఆ బడి పద్ధతే.

"కొవ్వొత్తులకు ముందు," అన్నాడు ఫాదర్, కాగితం లేకపోయినా చేతుల్లో ఏదో చదువుతున్నట్టు కిందికి చూస్తూ, "ఒక విద్యార్థి మనందరికీ ఒక మాట చెప్పవలసి ఉంది."

వాడు లేచాడు. నడిచి వెళ్ళి గూటి పక్కన, అతుకు చెయ్యి పక్కన నిలబడ్డాడు. జనం వైపు తిరిగాడు. నోరు తెరవలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరో దగ్గారు.

"చెప్పు," అన్నాడు గంట బ్రదర్.

వాడు చెప్పలేదు. తల్లి వైపు కూడా చూడలేదు. ఫాదర్ నేల మీంచి కళ్ళెత్తలేదు.

మళ్ళీ అదే జరుగుతోందని ఆమెకు తెలిసింది. వాడు ఊరుకుంటాడు, ఆ ఊరుకోవడాన్నే నేరం అంటారు. లేచి నిలబడింది. బెంచీ గట్టిగా కిర్రుమంది. అందరూ వెనక్కి తిరిగారు. వాళ్ళను దాటి ముందుకు వెళ్దామనుకుంది గానీ కాలు కదల్లేదు. అలవాటు ప్రకారం కుడిచెయ్యి గుండె మీదికి లేచింది. మధ్యలోనే దాన్ని లాగి ముందు బెంచీ చెక్కను గట్టిగా పట్టుకుంది.

"వాడు చెప్పడు ఫాదర్. చెప్పడానికేం లేదు." తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఆ చెయ్యి మా వాడు విరగ్గొట్టలేదు. కింద పడితే తీశాడు. ఆ రోజు వాడు నోరు విప్పకపోయింది మీ గంట కోసం. వాణ్ణి అడక్కుండా నేనే తప్పు ఒప్పుకున్నాను, భయపడి. క్షమించమన్నది నేను. ఆ మాట... ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

"అమ్మా, ఇది గుడి," అన్నాడు బ్రదర్. "నోటికొచ్చినట్టు..."

పెద్ద ఫాదర్ చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. ఇప్పుడు తలెత్తి ఆమెను చూశాడు. "ఇదంతా అందరి ముందూ చెప్తున్నావా అమ్మా?"

"చెప్తున్నాను ఫాదర్."

"సరే. ఇప్పుడు విన్నాను."

ఆ మాటలోని బరువు అక్కడ ఇద్దరికే తెలిసింది. ఫాదర్ పిల్లల బెంచీల వైపు తిరిగి, "చేసినవాళ్ళు ఇక్కడే ఉండి ఉంటారు. లేస్తే బాగుంటుంది," అన్నాడు. కాసేపు చూశాడు. ఎవరూ లేవలేదు. తెల్ల చొక్కాల వరసల్లో ఒక్క తల కదల్లేదు. బ్రదర్ ఆయన దగ్గరకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు, చెప్తూనే ఉన్నాడు. ఫాదర్ వింటూ వింటూ ఇంకా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"విచారణ చేస్తాం," అన్నాడు చివరికి. "అది తేలేదాకా ఈ అబ్బాయికి కొవ్వొత్తి ఇవ్వడం లేదు. పరీక్ష సంగతి కూడా అప్పుడే." పెట్టెలోంచి ఒక కొవ్వొత్తి తీసి, తిరిగి పెట్టెలో వెయ్యకుండా, పీఠం అంచున విడిగా పెట్టాడు.

ఆమె కూర్చుంది. అనుకున్నదంతా అయింది. ఇన్నేళ్ళూ ఏది జరుగుతుందోనని వణికిందో అది గుడి నిండా జనం ముందు జరిగిపోయింది, అదీ తన నోటితోనే. మిగతా పిల్లలు వరసగా కొవ్వొత్తులు వెలిగించుకుని తల్లుల కోసం వెతుక్కుంటూ వస్తున్నారు. అటూ ఇటూ బెంచీల్లో ఒక్కో చేతిలో ఒక్కో దీపం వెలిగింది.

వాడు మాత్రం తన వరసలోకి వెళ్ళలేదు. గూటి దగ్గర నుంచి నడవా మధ్యగా, ఆ దీపాల మధ్య నుంచి, ఖాళీ చేతులతో నడిచి వచ్చాడు. నాయనమ్మ మోకాళ్ళు పక్కకు జరిపి, "రారా పొడుగోడా, నా కాళ్ళు తొక్కకుండా రా," అని గొణిగింది. వాడు ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు. బెంచీ చెక్కను ఆమె ఇంకా వదల్లేదు. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. వాడు వాటిని కాసేపు చూసి, ఒక్కొక్కటిగా విడదీసి, ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పరీక్ష రాయనిస్తారంటావా?" అంది ఆమె, పెదాలు కదిపీ కదపకుండా.

"తెలీదమ్మా," అన్నాడు వాడు.